ఉక్కు నగరంలో ఒక మెత్తని పాఠం

విశాఖపట్నంలో మధ్యాహ్నం రైలెక్కిన ప్రయాణికుడు తూర్పు కనుమలను దాటి, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్, రాయపూర్‌ల మీదుగా రాత్రి పొద్దుపోయాక దుర్గ్‌లో దిగుతాడు. 2024 సెప్టెంబరు 16న ప్రారంభమైన వందే భారత్ రైలు ఈ దూరాన్ని సుమారు ఎనిమిది గంటల్లో ముగిస్తుంది. దారిలో కొండలూ, మలుపులూ, వంతెనలూ ఎన్ని వచ్చినా పెట్టెలో కూర్చున్నవారికి కుదుపు అంతగా తెలియదు. పెట్టె కింద గాలి నింపిన రబ్బరు తిత్తులు బరువును మోస్తుంటాయి. నూనె నింపిన గొట్టాలు ఊపును అదుపు చేస్తుంటాయి.

స్టేషను వెలుపలికి రాగానే ప్రయాణం స్వభావం మారుతుంది. ఎదురుగా నిలిచేది మూడు చక్రాల ఆటో. వీధిలోని గుంతలో దాని ఎడమ చక్రం దిగుతుంది, కుడి చక్రం తన దారిన తాను పోతుంది. లోపల కూర్చున్నవాడు కుదుపుకు విసుక్కుంటాడే గాని, ఆ బండి వెనుక చక్రాల అమరికలోని విశేషాన్ని గమనించడు. ఆటో వెనుక చక్రాలు రెంటినీ కలిపే గట్టి ఇరుసు లేదు. ఒక్కొక్క చక్రం ఒక్కొక్క ఇనుప చేయి చివర వేలాడుతూ విడివిడిగా పైకీ కిందికీ ఊగుతుంది. ఖరీదైన కార్ల ప్రకటనలలో గొప్పగా చెప్పుకొనే ‘స్వతంత్ర సస్పెన్షన్’ మూలసూత్రం ఇదే.

ఇదే రోడ్డుపై పక్కనే పోతున్న పాత జీపుకు ఆ సౌకర్యం లేదు. దాని వెనుక చక్రాలు రెండెడ్ల బండి చక్రాల వలె ఒకే ఇరుసుకు కట్టుబడి ఉంటాయి. ఒకటి గోతిలో పడితే రెండవది కూడా ఒరుగుతుంది. వాటితోపాటు బండి మొత్తం ఒరుగుతుంది. తన వాహనం నుంచి ఆ గట్టి ఇరుసును తీసివేసి, వెనుక చక్రాలకు స్వాతంత్ర్యం ఇవ్వాలని ఉబలాటపడే యజమానులూ, యంత్రవిద్యార్థులూ, మెకానిక్కులూ దేశంలో అనేకచోట్ల ఉన్నారు. ఈ పనిలో అందరి కంటికీ ఆనేది ఇనుప పనితనం. అందరూ చివరకు వదిలేసేది షాక్ అబ్జార్బర్ల ఎంపిక. మార్పు మేలు చేస్తుందో, ప్రాణం మీదికి తెస్తుందో తేల్చేది మాత్రం ఈ చివరి ఎంపికే.

కఠినమైన ఉక్కుకు పేరుపడిన దుర్గ్-భిలాయిలో ఒకటి రెండు రోజులు తిరిగితే ఈ సంగతి మరింత చక్కగా బోధపడుతుంది.

పట్టా కింద రబ్బరు

దుర్గ్ పాత ఊరు. శివనాథ్ నది ఒడ్డున వెలసిన ఈ పట్టణం పేరుకు అర్థం ‘కోట’. 1906లో జిల్లా కేంద్రమైన ఈ ఊరి పక్కన ఉన్న భిలాయి, 1950ల దాకా ఒక చిన్న పల్లె. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం దాని రూపురేఖలను మార్చివేసింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. దేశం నలుమూలల నుంచి పనివారు వచ్చారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వచ్చిన తెలుగువారు ఇక్కడనే స్థిరపడ్డారు. నేటికీ సెక్టార్ల వీధులలో నడిచే వానికి హిందీ, ఛత్తీస్‌గఢీల నడుమ తెలుగు మాట వినబడటం వింత కాదు. భిలాయిని ‘మినీ ఇండియా’ అని పిలుచుకోవడం ఇక్కడివారికి అలవాటు.

ఇక్కడ తయారయ్యే రైలు పట్టాలు లోకప్రసిద్ధం. 1960లో ఆరంభమైన పట్టాల మిల్లు దశాబ్దాల పాటు భారతీయ రైల్వేల అవసరాలను తీర్చింది. తరువాత వచ్చిన యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్ల పట్టా అతుకు లేకుండా ఒకే ముక్కగా వెలువడుతుంది. మీటరుకు 60 కిలోల చొప్పున ఆ ఒక్క పట్టా బరువు 7,800 కిలోలు. అటువంటివి రెండు అతికి 260 మీటర్ల పట్టాలను కూడా పంపుతారు.

ఇంత దృఢమైన పట్టాను కాంక్రీటు స్లీపరు మీద నేరుగా పెట్టరు. రెంటి మధ్య గాడులు తీసిన ఒక రబ్బరు పలక పరుస్తారు. పట్టాను పట్టి ఉంచే క్లిప్పు కూడా స్ప్రింగు వలె కొద్దిగా సాగే గుణం కలది. స్లీపరు కింద కంకర ఉంటుంది. అది బరువును నేలకు పంచుతూ, కదలికలో కొంత భాగాన్ని తనలో ఇముడ్చుకుంటుంది. ఎక్కడా లొంగని మార్గం తొందరగా పగిలిపోతుంది. కాబట్టి ఉక్కు బరువును మోస్తే, మెత్తని పదార్థం అదురును మింగుతుంది. ఈ రెండు పనులనూ ఒకే వస్తువు చేయలేదు.

వాహనానికి కూడా ఇదే న్యాయం వర్తిస్తుంది. బరువును మోసేది స్ప్రింగు. షాక్ అబ్జార్బర్ బరువును మోయదు. దాని అసలు పేరు డ్యాంపర్, అనగా ఊపును అణచేది. చక్రం ఎత్తుపల్లాల మీద లేచి పడినప్పుడు స్ప్రింగు ఆ శక్తిని దాచుకొని తిరిగి ఇస్తుంది. అదుపు లేకపోతే బండి ఉయ్యాల వలె ఊగుతూనే ఉంటుంది. డ్యాంపర్‌లోని పిస్టను, సన్నని రంధ్రాలూ కవాటాల గుండా నూనెను నెడుతూ ఆ శక్తిని వేడిగా మార్చి గాలిలో కలిపివేస్తుంది. సుఖాన్నిచ్చేది స్ప్రింగు అయితే, చక్రాన్ని నేల విడవనీయనిది డ్యాంపర్. నేల విడిచిన చక్రానికి బ్రేకు పనిచేయదు, మలుపు తిరిగే పట్టు దొరకదు. అందుచేత ఇది ప్రయాణికుల సౌఖ్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, ప్రాణరక్షణకు సంబంధించినది కూడా.

గట్టి ఇరుసు గుణదోషాలు

దుర్గ్ నుంచి భిలాయి మీదుగా రాయపూర్ వైపు సాగే ప్రధాన మార్గాన్ని స్థానికులు జీ.ఈ. రోడ్డు అంటారు. గ్రేట్ ఈస్టర్న్ రోడ్డు అనే పాత పేరుకు ఇది పొట్టి రూపం. సుపేలా, పవర్ హౌస్ ప్రాంతాల మీదుగా ఈ దారిలో పోయే లారీలలో అత్యధికం గట్టి ఇరుసుల మీద, కమాను కట్టల మీద నడిచేవే. పొడవైన ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి బిగించిన కమాను కట్ట చవక, మొండి, మరమ్మతుకు సులభం. టన్నుల కొద్దీ బరువుకు అదే తగినది. 2014 దాకా తయారైన అంబాసిడర్ కారు వెనుక భాగం కూడా ఈ పద్ధతిదే.

ఇబ్బంది తేలిక బండ్లలో కనిపిస్తుంది. ఇరుసు, దాని నడుమనున్న డిఫరెన్షియల్, గొట్టాలు, చక్రాలు అన్నీ కలిసి ఒక్క బరువుగా ఎగిరిపడతాయి. అంత బరువును క్షణంలో పైకి లేపి, క్షణంలో తిరిగి నేలకు ఆనించడం స్ప్రింగుకు కష్టం. స్వతంత్ర అమరికలో డిఫరెన్షియల్‌ను చట్రానికే బిగిస్తారు. ఎగిరిపడే భాగం తేలికవుతుంది, చక్రం నేలను మరింత నమ్మకంగా అంటిపెట్టుకుంటుంది.

ఈ ఆలోచన కొత్తది కాదు. చెక్ దేశపు టాట్రా సంస్థ 1923లోనే వెనుక చక్రాలు విడివిడిగా ఊగే చిన్న కారును తెచ్చింది. 1961లో ఇంగ్లండు జాగ్వార్ సంస్థ ‘ఇ-టైప్’ కారులో వెనుక సస్పెన్షన్ మొత్తాన్ని ఒక చట్రంలో బిగించి అమర్చింది. ఒకే ముక్కగా విప్పి తీయడానికి వీలున్నందువల్ల, ఆ తరహా జాగ్వార్ అమరికను తెచ్చి తమ పాత కార్లకు తగిలించుకోవడం పాశ్చాత్య దేశాల ఔత్సాహికులలో ఒక సంప్రదాయంగా మారింది. అందులో ఒక్కొక్క వెనుక చక్రానికి రెండేసి డ్యాంపర్లు ఉంటాయి. చక్రాన్ని తిప్పే షాఫ్టు సరిగ్గా మధ్యలో అడ్డం వస్తుంది కనుక, దానికి ముందొకటి, వెనుకొకటి పెట్టవలసి వచ్చింది. డ్యాంపర్ ఎంపికలో మొదటి ప్రశ్న ‘ఏ కంపెనీది?’ కాదనీ, ‘ఎక్కడ పడుతుంది?’ అన్నదేననీ ఈ అమరిక చెబుతున్నది. మన దేశంలో 2009లో విడుదలైన టాటా నానో చిన్న కారుకు కూడా వెనుక చక్రాల స్వాతంత్ర్యం ఉండేది.

పాత డ్యాంపర్ చేసే మోసం

గట్టి ఇరుసును మార్చినవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటున్నది. పాత బండికి చక్కగా పనిచేసిన డ్యాంపర్లనే కొత్త అమరికకు బిగిస్తారు. వస్తువు మంచిదే, ధర కలిసివస్తుంది. తీరా రోడ్డెక్కాక బండి పడవ వలె తేలిపోతుంది. ఇందుకు రెండు కారణాలున్నాయి.

మొదటిది కమాను కట్టలో దాగిన రాపిడి. పట్టీలు ఒకదానిపై ఒకటి జారుతూ రాసుకోవడం వల్ల ఊపు కొంతవరకు దానంతటదే అణగుతుంది. పాత డ్యాంపర్‌కు ఆ సాయం ఉండేది. చుట్ట స్ప్రింగులో ఆ రాపిడి దాదాపు లేదు. భారమంతా డ్యాంపర్ మీదనే పడుతుంది.

రెండవది తక్కెడ న్యాయం. స్వతంత్ర సస్పెన్షన్‌లో డ్యాంపర్‌ను చక్రం వద్ద కాక, ఊగే చేయి మధ్యలో ఎక్కడో తగిలిస్తారు. చేయి పొడవులో పదింట ఏడు వంతుల దూరంలో తగిలించారనుకుందాం. చక్రం 100 మిల్లీమీటర్లు లేస్తే డ్యాంపర్ 70 మిల్లీమీటర్లే కదులుతుంది. కదలిక తగ్గింది, దాని వేగం కూడా తగ్గింది. పుట్టిన బలం మళ్ళీ అదే చేయి ద్వారా చక్రాన్ని చేరేటప్పుడు మరొకసారి తగ్గుతుంది. 0.7ను 0.7తో గుణిస్తే 0.49. అనగా మునుపటి డ్యాంపర్ బలంలో సగం కూడా చక్రానికి చేరదు. స్ప్రింగుకు కూడా ఇదే లెక్క.

ఏటవాలు వల్ల మరికొంత నష్టం వస్తుంది. చోటు చాలక డ్యాంపర్‌ను పక్కకు వాల్చడం పరిపాటి. నిలువు నుంచి 30 డిగ్రీలు వాలిస్తే దాని ప్రభావం నాలుగింట మూడు వంతులకు దిగుతుంది. 45 డిగ్రీలు వాలిస్తే సగమే మిగులుతుంది. పైగా జంట గొట్టాల డ్యాంపర్‌ను మరీ వాలిస్తే లోపలి నూనెలో గాలి కలిసి, అది పట్టు తప్పుతుంది.

కాగితం మీద ఒక జీపు

ఎంపిక ఎట్లా సాగాలో ఒక ఉదాహరణ చూద్దాం. ఒక చిన్న బండిలో ఒక్కొక్క వెనుక చక్రం మీద, చక్రమూ దాని భాగాలూ మినహా, 300 కిలోల బరువు పడుతున్నదనుకుందాం. సౌఖ్యమైన కార్లు సాధారణంగా సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు ఊగేటట్లు నిర్మిస్తారు. 1.25 తీసుకుంటే, చక్రం వద్ద స్ప్రింగు మిల్లీమీటరుకు సుమారు 1.9 కిలోల బలం చూపాలి. స్ప్రింగు కూడా పైన చెప్పిన 0.7 స్థానంలోనే ఉంటే, అసలు స్ప్రింగు మిల్లీమీటరుకు 3.9 కిలోలదై ఉండాలి.

ఇప్పుడు డ్యాంపర్ సంగతి. బండి ఒక్క ఊపు కూడా ఊగకుండా నిలిచిపోవడానికి కావలసిన అణచివేతను నూరుపాళ్ళు అనుకుంటే, రోడ్డు మీద నడిచే బండికి అందులో 25 నుంచి 40 పాళ్ళు చాలు. 30 పాళ్ళు తీసుకున్నట్లయితే, పిస్టను సెకనుకు 30 సెంటీమీటర్ల వేగంతో కదిలేటప్పుడు ఈ డ్యాంపర్ సగటున 88 కిలోల నిరోధం చూపాలి. ఈ నిరోధం రెండు దిక్కులా సమానంగా ఉండదు. చక్రం పైకి లేచేటప్పుడు తక్కువగానూ, స్ప్రింగు విచ్చుకొనేటప్పుడు ఎక్కువగానూ, తరచు రెట్టింపుగానూ ఉంచుతారు. గుద్దు తగిలినప్పుడు లొంగాలి, తిరుగు ఊపులో పగ్గం బిగించాలి. మంచి తయారీదారులు వేగానికి తగిన నిరోధాన్ని పట్టికగా ఇస్తారు. ఆ పట్టిక లేకుండా, చేతితో నొక్కి ‘గట్టిగా ఉంది’ అని కొనడం గుడ్డి బేరం.

ఇంతవరకు లెక్క ఖాళీ బండికి సంబంధించినది. ఇల్లాలూ, పిల్లలూ, సామానూ ఎక్కిన తరువాత అదే చక్రం మీద 400 కిలోలు పడవచ్చు. అప్పుడు బండి వెనుక భాగం మరో 53 మిల్లీమీటర్లు కుంగుతుంది. చక్రం పైకి లేవడానికి 90 మిల్లీమీటర్ల చోటు ఉంచి ఉంటే, ఇక మిగిలేది 37 మాత్రమే. ఒక మోస్తరు గుంతకే అది చెల్లిపోతుంది, ఇనుము ఇనుమును కొడుతుంది. 30 పాళ్ళనుకున్న అణచివేత కూడా 26కు జారుతుంది. బండి యజమాని ఒంటరిగా నడిపి చూసి తృప్తిపడ్డ అమరిక, కుటుంబంతో బయలుదేరిన రోజున విఫలం కావచ్చు. కాబట్టి స్ప్రింగునూ డ్యాంపర్‌నూ నిండు బరువు దృష్టిలో ఉంచుకొని ఎంచి, తరువాత ఖాళీ బండితో సరిచూసుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త మిగిలిన అన్నింటికంటె విలువైనది.

తరువాతది పొడవు. ఈ బండిలో చక్రం 90 మిల్లీమీటర్లు పైకి, 80 కిందికి కదలాలంటే, మొత్తం 170కి డ్యాంపర్ వద్ద 119 మిల్లీమీటర్ల కదలిక ఉండాలి. అంతకు కొంత ఎక్కువ కదలిక గలదానినే ఎంచుకోవాలి. పూర్తిగా ముడుచుకొనే లోపే రబ్బరు దిమ్మ ఒకటి చేతిని ఆపాలి. లేకుంటే పిస్టను అడుగును గుద్దుకొని, డ్యాంపర్ తల తెగిపోతుంది.

కింది దిక్కున ఉన్న ప్రమాదం ఇంకా పెద్దది. గట్టి ఇరుసులో చక్రాన్ని తిప్పే షాఫ్టు ఇనుప గొట్టంలో భద్రంగా ఉంటుంది. స్వతంత్ర అమరికలో ఆ షాఫ్టు కీళ్ళ మీద వంగుతూ తిరుగుతుంది. ఏ కీలుకైనా వంపు హద్దు ఉంటుంది. డ్యాంపర్ మరీ పొడవైనదై, చక్రం హద్దు దాటి కిందికి వేలాడితే, కీలు పట్టేయవచ్చు, షాఫ్టు ఊడిరావచ్చు. బండిని జాకీ మీద లేపి, చక్రాలను పూర్తిగా వేలాడనిచ్చి, స్ప్రింగు లేకుండా చేయిని పై నుంచి కిందికి ఆడించి, ప్రతి స్థానంలోనూ షాఫ్టును చేతితో తిప్పి చూడటం తప్పనిసరి. అవసరమైతే దృఢమైన పట్టీతో కింది కదలికకు కట్టడి చేయాలి.

ఇక తగిలించే చోటు. పాత బండిలో డ్యాంపర్ మేకు ఊపు తాకిడిని మాత్రమే భరించేది. బరువు కమాను కట్టల మీద ఉండేది. స్ప్రింగును డ్యాంపర్ చుట్టూనే చుట్టిన జంట అమరికను ఆ పాత మేకుకే తగిలిస్తే, బండి వెనుక బరువంతా దాని మీద పడుతుంది. మామూలుగా నిలబడినప్పుడే వందల కిలోలు, గుంతలో పడినప్పుడు దానికి కొన్ని రెట్లు. ఒక వైపే పట్టుకున్న మేకు కాలక్రమాన విరుగుతుంది. రెండు పక్కలా చెవులు గల బ్రాకెట్టును చట్రానికి వెడల్పుగా అతికించి, బోల్టు రెండు వైపులా ఆనేటట్లు చేయాలి. వెల్డింగు మెరుగు చూసి మోసపోరాదు, లోతు చూడాలి.

రాజ్‌హరా దారిలో పరీక్ష

ఏ రోడ్డు మీద నడుస్తుందో తెలియకుండా డ్యాంపర్‌ను ఎంచడం, ఏ ఋతువో తెలియకుండా బట్ట కొనడం వంటిది. భిలాయి సెక్టార్ల వీధులు విశాలమైనవి, చెట్ల నీడ గలవి. 1972లో భారత-సోవియట్ మైత్రికి గుర్తుగా నెలకొల్పిన మైత్రీ బాగ్ ఉద్యానానికి ఆదివారం నాడు కుటుంబంతో వెళ్ళి, తెల్లపులులను చూసి తిరిగివచ్చే బండికి మెత్తని జంట గొట్టాల డ్యాంపర్ చాలు.

దుర్గ్ నుంచి దక్షిణంగా బాలోద్ మీదుగా దల్లీ-రాజ్‌హరాకు పోయే దారి సంగతి వేరు. ఎనభై కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని ఆ ఎర్ర కొండల ఇనుప ఖనిజమే దశాబ్దాలుగా భిలాయి కొలుములకు ఆహారం. ప్రధాన రహదారిని విడిచి పక్క దారులు పట్టిన బండికి ఎర్రమట్టి బాటలు ఎదురవుతాయి. ఎండాకాలంలో ఇటువంటి బాటల మీద చక్రాల తాకిడికి చిన్న చిన్న అలల వంటి మెరకలు ఏర్పడతాయి. పెద్ద గుంతను డ్రైవరు చూసి వేగం తగ్గిస్తాడు. ఈ చిన్న అలలు ఆగకుండా కొడుతూనే ఉంటాయి. పిస్టను నిమిషానికి వందలసార్లు ఆడుతుంది, నూనె వేడెక్కుతుంది. బయట ఛత్తీస్‌గఢ్ వేసవి 45 డిగ్రీల దాకా పోతుంది. వేడెక్కిన నూనె పలచబడి నురుగు కడితే, ఉదయం చక్కగా పనిచేసిన డ్యాంపర్ మధ్యాహ్నానికి చేతులెత్తేస్తుంది.

ఈ బాధకు 1950లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బూర్సియే ద కార్బన్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఒకే గొట్టంలో నూనెకు అడుగున, కదిలే బిళ్ళకు ఆవలి పక్క, అధిక పీడనంతో గ్యాస్ నింపాడు. ఆ ఒత్తిడి వల్ల నూనె నురుగు కట్టదు. ఒకే గొట్టం కనుక వేడి నేరుగా గాలికి పోతుంది. దానిని వాల్చి బిగించవచ్చు, తలకిందులుగానూ బిగించవచ్చు. ఇన్ని సుగుణాలున్న ఈ డ్యాంపర్‌కు ఒక బలహీనత ఉన్నది. చక్రం చిమ్మిన రాయి తగిలి గొట్టం సొట్టపడితే పిస్టను పట్టేస్తుంది. జంట గొట్టాల రకంలో బయటి గొట్టం సొట్టపడినా లోపలిది పనిచేస్తుంది. కంకర దారిలో గ్యాస్ డ్యాంపర్‌కు రక్షణ కవచం ఉండాలి. ధర ఎక్కువైనదే మేలన్న నియమం ఇక్కడ చెల్లదు.

మరొక అపోహ కూడా ఉన్నది. బండి ఊగుతుంటే ‘గట్టి షాక్ అబ్జార్బర్లు వేయండి’ అనడం అలవాటు. మితిమీరి గట్టిదైన డ్యాంపర్ చక్రాన్ని గుంతలోకి తొందరగా దిగనీయదు. గుంత దాటేసరికి చక్రం గాలిలోనే ఉంటుంది. వరుస గతుకుల మీద స్ప్రింగు విచ్చుకోవడానికి వ్యవధి చాలక, బండి క్రమక్రమంగా కిందికి కూరుకొని, చివరకు రబ్బరు దిమ్మల మీదనే నడుస్తుంది. నడుము విరిగేటట్లు కుదిపే బండి దృఢమైన బండి అనుకోవడం పొరపాటు. కాఠిన్యం వేరు, బలం వేరు. రబ్బరు పలక లేని పట్టాకు పట్టే గతే ఆ బండికీ పడుతుంది.

హద్దులు తెలిసిన సాహసం

ఇంత శ్రమపడి మార్చిన బండిని రోడ్డు మీదికి తేవచ్చునా అన్నది చివరి ప్రశ్న. 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రానికీ విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదంటున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. చట్రాన్ని కోసి చేసే మార్పుకు పూనుకొనే ముందు రవాణా అధికారులనూ, బీమా సంస్థనూ సంప్రదించడం వివేకం. ప్రమాదం జరిగిన తరువాత బీమా చెల్లదని తెలుసుకోవడం కంటె, పని ఆరంభించక ముందే అనుమతి లేదని తెలుసుకోవడం మేలు. అనుమతి లేని మార్పు, కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిన చందమవుతుంది.

సాహసానికి చట్టబద్ధమైన రంగస్థలం లేకపోలేదు. 2007 నుంచి మన దేశంలో ‘బాహా’ పేరుతో ఇంజనీరింగు విద్యార్థులకు పోటీలు జరుగుతున్నాయి. విద్యార్థులు ఒంటరి ఆసనం గల బండిని తామే రూపొందించి, రాళ్ళూ గుట్టల మీద గంటల తరబడి నడపాలి. వెనుక చక్రాల చేతుల పొడవు, డ్యాంపర్ వాలు, స్ప్రింగు బలం అన్నీ వారే లెక్కకట్టి, పరీక్షకుల ఎదుట సమర్థించుకోవాలి. తప్పు చేస్తే బండి ఆగుతుందే గాని, రోడ్డున పోయేవాడికి హాని కలగదు. 1986లో దుర్గ్‌లో వెలసిన భిలాయి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, 2016లో ఆరంభమైన భిలాయి ఐ.ఐ.టి. వంటి విద్యాలయాలున్న ఈ జంట నగరాల యువకులకు ఇటువంటి చదువు అందని పండు కాదు.

సొంత బండిని మార్చినవారికైనా, పాత బండినే నడిపేవారికైనా కొన్ని గుర్తులు ఉపకరిస్తాయి. వెనుక భాగాన్ని గట్టిగా నొక్కి వదిలితే బండి ఒక్కసారి లేచి కుదురుకోవాలి. రెండు మూడు సార్లు ఊగితే డ్యాంపర్ అలసిపోయిందన్నమాట. గొట్టం మీద నూనె చెమ్మ కనిపించినా, టైరు చుట్టూ అక్కడక్కడ గిన్నెల వలె అరుగుదల కనిపించినా అనుమానించాలి. మార్చేటప్పుడు రెండు పక్కలా జంటగా మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగవచ్చు.

తిరుగు ప్రయాణానికి దుర్గ్ స్టేషనులో నిలుచున్నవారి ఎదుట, రాజ్‌హరా దిక్కు నుంచి ఖనిజం నింపుకున్న గూడ్సు బండి ఒకటి భారంగా సాగిపోతుంది. చక్రం చక్రానికీ పట్టా కొద్దిగా కుంగి, మళ్ళీ లేస్తుంది. ఆ కుంగుబాటు కంటికి ఆనీ ఆననంత. ఆ మాత్రం లొంగుబాటు ఉన్నందువల్లనే అంత ఉక్కు, అంత బరువు, అంతమంది మనుషులు ఏళ్ళ తరబడి ఆ దారిన క్షేమంగా పోతున్నారు. వెలుపల ఆటోలు వరుసగా నిలిచి ఉంటాయి. వాటి వెనుక చక్రాలు ఊగే తీరును ఈసారి ప్రయాణికుడు ఒక్క క్షణం వంగి చూసి మరీ ఎక్కుతాడు.